గడువు చివరి రాత్రి ఎడిటింగ్ ఎందుకు కుదరదు

కథల పోటీకి 31వ తేదీ గడువు అంటే, 31 రాత్రి పది దాటాకే చాలా కథలు బయల్దేరతాయి. అనంతపురంలో రాసేవాళ్ల మధ్య తిరిగే ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. కర్నూలులో ఏదైనా సభకు ప్రత్యేక సంచిక వేస్తామని రెండు నెలల ముందు చెప్పినా, వ్యాసాలు సరిగ్గా ప్రెస్సుకు పోవాల్సిన రోజే వస్తాయి. కడపలో థీసిస్‌లు టైపు చేసే డీటీపీ సెంటర్లో కూర్చుంటే, రేపు బైండింగ్ అన్నవాళ్లు ఈ రోజు నాలుగో అధ్యాయం తెచ్చివ్వడం చూడొచ్చు.

బద్ధకం అని కొట్టిపారేస్తే విషయం అర్థం కాదు. నెల ముందే మొదలుపెట్టి, రోజూ కూర్చుని రాసినవాళ్లు కూడా చివరికి అదే రాత్రికి చేరుకుంటారు. తప్పు లెక్కలో ఉంది. రాయడానికి ఎన్ని రోజులు కావాలో అందరూ లెక్క వేస్తారు. దిద్దడానికి మాత్రం 'మిగిలిన టైమ్' కేటాయిస్తారు. మిగిలేది ఎప్పుడూ ఉండదు. ఒకవేళ ఒకటి రెండు రోజులు మిగిలినా అవి ఎందుకు చాలవో చూడాలంటే, ఎడిటింగ్ అనే ఒక్క మాట కింద ఎన్ని పనులు ఉన్నాయో ముందు విడదీసుకోవాలి.

ఒక పేరు, నాలుగు పనులు

మొదటిది నిర్మాణం చూడటం. వ్యాసం చెప్పాల్సింది చెప్పిందా, కథ సరైన చోట మొదలైందా, మూడో అధ్యాయం నిజానికి రెండో అధ్యాయం కావాలా అన్నవి ఇక్కడ తేలతాయి. రెండోది వాక్యాల పని: సాగదీసిన చోట కోయడం, చెప్పిందే చెప్పిన చోట తీసేయడం, అర్థం తడబడిన చోట తిరగరాయడం. మూడోది నిజాలు సరిచూడటం. నాలుగోది ప్రూఫ్ చూడటం, అంటే వత్తులు, దీర్ఘాలు, విరామ చిహ్నాలు, పేజీ నంబర్లు.

మనలో ఎక్కువమంది ఎడిటింగ్ అంటే నాలుగోదే అనుకుంటారు. అందుకే 'ఒక గంట చాలు' అనిపిస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, వీటి వరుస మార్చడానికి వీల్లేదు. ముందు అక్షర దోషాలన్నీ శ్రద్ధగా దిద్ది, తర్వాత ఆ పేజీ మొత్తం అక్కర్లేదని తేలితే, దిద్దిన శ్రమంతా వృథా. అంతకంటే చెడ్డ సంగతి, ఒకసారి బాగా దిద్దిన పేజీని కొట్టేయడానికి మనసు రాదు. అక్కర్లేని పేజీలు అచ్చుదాకా వెళ్లడానికి ఇదొక కారణం.

నాలుగింటిలోనూ టైమ్ ఎక్కువ మింగేది మూడోది. మన సీమ సంగతులే తీసుకుందాం. 'ఆంధ్రప్రదేశ్ తొలి రాజధాని కర్నూలు' అని ఎన్ని వ్యాసాల్లో చదివి ఉంటాం? కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న, హైదరాబాదు రాజధానిగా. వాక్యం చూడటానికి చక్కగానే ఉంటుంది, వ్యాకరణ దోషం ఒక్కటీ ఉండదు. ప్రూఫ్ చూసేవాళ్ల కంటికి అది తగలనే తగలదు.

'రాయలసీమ' అనే పేరు పెట్టింది ఎవరన్న ప్రశ్న ఇంకో రకం. చాలా రాతల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరు కనిపిస్తుంది. 1928లో నంద్యాల సభల్లో ఆ పేరు ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావు అని ఆధారాలు చూపేవాళ్లు ఉన్నారు. ఈ ఒక్క వాక్యాన్ని బాధ్యతగా రాయాలంటే అర పూట పోతుంది. వ్యాసంలో ఇలాంటివి పది ఉంటే?

నీళ్ల గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. క్యూసెక్కు అంటే ప్రవాహం, సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు అన్న లెక్క. టీఎంసీ అంటే నిల్వ, వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు అవుతాయి. రాసే వేడిలో ఒకదాని చోట ఇంకోటి పడిపోవడం చాలా తేలిక. శ్రీశైలం నిండు నీటిమట్టం 885 అడుగులు. ఇక్కడ 'అడుగులు' పోయి 'మీటర్లు' వచ్చినా వాక్యం నడిచిపోతుంది, డ్యామే నడవదు. ఇక జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. దానితో శ్రీశైలం నంద్యాల జిల్లాకూ, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాకూ వెళ్లాయి. 2019లో మొదలుపెట్టిన థీసిస్ మొదటి అధ్యాయంలో లేపాక్షి అనంతపురం జిల్లాలోనే ఉండి ఉంటుంది, చివరి అధ్యాయంలో కొత్త జిల్లాలో ఉంటుంది. రెండూ రాసినప్పుడు నిజాలే. ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉంటే పరీక్షకుడు ఊరుకోడు. ఇలాంటివి పట్టుకోవాలంటే మొత్తం రాతను మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో చదవాలి. రోజుకు పది పేజీలు చదివితే కనబడవు.

తక్కువ లెక్క వేసే అలవాటు మనదొక్కటే కాదు

పనికి పట్టే కాలాన్ని మనుషులు ఎప్పుడూ తక్కువగా ఎందుకు ఊహిస్తారన్నది మనస్తత్వ శాస్త్రంలో బాగా నలిగిన ప్రశ్న. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి ఒక పేరు పెట్టి చర్చించారు. 1994లో అచ్చయిన ఒక కెనడా పరిశోధన మనకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది థీసిస్ రాస్తున్న విద్యార్థుల మీదే చేసింది. ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని వాళ్లను అడిగారు. సగటున 34 రోజులన్నారు. 'అన్నీ అడ్డం తిరిగితే?' అని అడిగితే సగటున 49 రోజులన్నారు. చివరికి నిజంగా పట్టింది సగటున 55 రోజులకు పైనే. అంటే వాళ్లు ఊహించగలిగిన అధ్వాన్నపు లెక్క కూడా నిజం కంటే తక్కువే.

కానమన్ సొంత అనుభవం ఇంకా చేదుగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం తయారుచేసే బృందంలో ఆయన ఉన్నాడు. ఎన్నాళ్లలో అవుతుందని అడిగితే అందరూ రెండేళ్లకు అటూ ఇటూగా చెప్పారు. ఆ బృందంలోనే పాఠ్యప్రణాళికలు తయారుచేయడంలో అనుభవం ఉన్న ఒకాయన ఉన్నాడు. ఇలాంటి బృందాలకు మామూలుగా ఎన్నాళ్లు పట్టింది అని ఆయన్ని అడిగితే, ఏడేళ్లకు తక్కువ ఏదీ లేదనీ, దాదాపు 40 శాతం అసలు పూర్తే చేయలేదనీ చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, కొద్ది నిమిషాల ముందు అదే ఆయన కూడా రెండేళ్ల లెక్కే వేశాడు. పుస్తకం ఎనిమిదేళ్లకు పూర్తయింది. అప్పటికి దాని మీద ప్రభుత్వానికే ఆసక్తి పోయింది.

ఇందులో ఎడిటింగ్‌కు సంబంధించిన కీలకం ఒకటుంది. మనం రాయబోయే పని గురించి ఆలోచించేటప్పుడు అంతా సవ్యంగా జరిగే దారినే ఊహిస్తాం. ఆ ఊహలో డ్రాఫ్టు రాస్తున్న మనం కనిపిస్తాం. మూడోసారి అదే పేరాను దిద్దుతున్న మనం కనిపించం. అందువల్ల లెక్క వేసేటప్పుడు 'ఈసారి ఎన్ని రోజులు?' అని అడగడం కంటే 'పోయినసారి ఎన్ని రోజులు పట్టింది?' అని అడిగితే నిజానికి దగ్గరగా ఉంటుంది. పోయినసారి లెక్క రాసిపెట్టుకున్నవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

పని గంటలు వేరు, ఆగే రోజులు వేరు

'నాలుగు గంటల ఎడిటింగ్ ఉంది, శనివారం కూర్చుంటే అయిపోతుంది' అని అనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. నాలుగు గంటల పని అన్నది నిజమే కావచ్చు. కానీ ఆ నాలుగు గంటలూ ఒకే శనివారంలో ఇమడవు. మధ్యలో ఆగాలి.

బుడ్డలు (వేరుశనగ) పండించే రైతును అడగండి. చెట్టు పీకడంతో పంట చేతికి వచ్చినట్టు కాదు. పీకిన కట్టెను ఎండనివ్వాలి, ఎండాకే కాయ వేరుచేయాలి, ఆ కాయనూ మళ్లీ ఎండబెట్టాలి. పచ్చి కాయను మూటగట్టి ఇంట్లో పెడితే బూజు పడుతుంది. ఎండే రోజుల్లో రైతు చేసే పని తక్కువే. అయినా ఆ రోజులను ఎవరూ లెక్కలోంచి తీసెయ్యరు. డ్రాఫ్టు కూడా అలాగే ఆరాలి.

దీనికి కారణం కంటిలోనూ మెదడులోనూ ఉంది. చదివేటప్పుడు కన్ను ప్రతి అక్షరం మీదా ఆగదు. గంతులేస్తూ కొన్నిచోట్ల మాత్రమే నిలుస్తుంది, మధ్యలోది మెదడు ఊహించి పూరిస్తుంది. వేరేవాళ్ల రాత అయితే ఆ ఊహకు ఆధారం తక్కువ కాబట్టి కన్ను జాగ్రత్తగా నడుస్తుంది. మన రాత అయితే మనం ఏం రాయాలనుకున్నామో మెదడుకు ముందే తెలుసు. కాగితం మీద లేని మాట కూడా ఉన్నట్టే చదివేస్తుంది. రాసి రెండు గంటలే అయితే మనం చదువుతున్నది కాగితాన్ని కాదు, జ్ఞాపకాన్ని. కొన్ని రోజులు పోతే ఆ జ్ఞాపకం పలచబడుతుంది, అప్పుడు కాగితం మీద ఉన్నది కనబడుతుంది.

ఆగే తీరిక లేనప్పుడు కన్నును మభ్యపెట్టే చిట్కాలు కొన్ని ఉన్నాయి. ఫాంటు మార్చడం, కంప్యూటర్లో రాసింది ప్రింటు తీసి చదవడం, ఫోనులో చదవడం. వీటన్నిటి కంటే తెలుగుకు బాగా పనిచేసేది గట్టిగా చదవడం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'వచ్చి, చూసి, మాట్లాడి, తెలుసుకుని' అని అసమాపక క్రియలను గొలుసుగా పేర్చుకుంటూ పోతే, చివరి క్రియ దగ్గరికి వచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోతాం. కన్ను దాన్ని క్షమిస్తుంది, గొంతు క్షమించదు. ఊపిరి అందని చోట వాక్యం విరవాలని అదే చెబుతుంది. ఇంట్లోవాళ్లు 'ఎవరితో మాట్లాడుతున్నావు?' అని అడిగితే అడగనీయండి.

గట్టిగా చదివినా దొరకనివి కొన్ని ఉంటాయి. 'అర్థం', 'అర్ధం' రెండూ నోటికి దాదాపు ఒకేలా వస్తాయి, కాగితం మీద మాత్రం ఒకటి భావం, ఒకటి సగం. 'విద్యార్థి'ని 'విద్యార్ధి' అని రాసే అలవాటు చదువుకున్నవాళ్లలోనూ ఉంది. తెలుగు స్పెల్‌చెకర్ వీటిని పట్టుకుంటుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఒకే మాటకు విభక్తులూ ప్రత్యయాలూ చేరి వందల రూపాలు అయ్యే భాష మనది. చెకర్ సరైన మాట కింద ఎర్ర గీత గీస్తుంది, తప్పు మాటను వదిలేస్తుంది. రెండు పేజీలు వాడాక ఎవరైనా దాన్ని ఆపేస్తారు.

ఇంకొకరితో చదివించడం కూడా ఆగే రోజుల లెక్కలోదే. మిత్రుడికి 20 పేజీలు ఇచ్చి 'రేపటికల్లా చూడు అన్నా' అంటే, ఆయన చూడడు, చూశానంటాడు. 'బాగుంది లే' అనే మాట వస్తుంది. చదవడానికి ఆయనకు రెండు గంటలే పట్టొచ్చు, ఆ రెండు గంటలు దొరకడానికి వారం పడుతుంది. అందుకే డ్రాఫ్టు పూర్తి కాకముందే 'ఫలానా తేదీకి ఇస్తాను, వారం ఉంచుకోండి' అని చెప్పి ఉంచాలి. ఇచ్చేటప్పుడు 'ఎలా ఉంది?' అని అడగడం కన్నా 'ఎక్కడ బోర్ కొట్టింది? ఎక్కడ అర్థం కాక వెనక్కి వెళ్లి చదివారు?' అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

ఇంతమంది కళ్లు ఎందుకన్నవాళ్లకు కడపలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ 1824 ప్రాంతంలో వేమన పద్యాల మీద పని మొదలుపెట్టి 1829లో అచ్చు వేయించాడు. కడపలోని తన బంగళాలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని కావ్యాల రాతప్రతులు సేకరించి, నకళ్లు రాయించి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి పాఠాంతరాలు గుర్తించేవాడు. దాన్ని 'బ్రౌన్ కాలేజీ' అనేవారు. తాళపత్రం మీద ఒక లేఖకుడు చేసిన తప్పు అదే ప్రతిని వందసార్లు చదివినా తప్పులా కనబడదు, పక్కన ఇంకో ప్రతి పెడితేనే కనబడుతుంది. ఆయన తెలుగు నిఘంటువు 1852లో వచ్చింది. ఆయన 1884లో పోయాక, 1903లో వీరేశలింగం పంతులుతో కలిపి ముగ్గురు దాన్ని మళ్లీ సంస్కరించి కొత్త కూర్పు వేశారు. అంత శ్రద్ధగా చేసినదానికీ యాభై ఏళ్ల తర్వాత దిద్దుబాటు మిగిలే ఉంది. బ్రౌన్ బంగళా ఉన్న ఎర్రముక్కపల్లె స్థలంలోనే ఇప్పటి బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కడపలో థీసిస్ రాసేవాళ్లు చాలామందికి అది తెలిసిన చోటే.

మరి పేపరువాళ్లు నిమిషాల్లో ఎలా చేస్తారు?

ఈ మాటకు న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఆదోని నుంచో కదిరి నుంచో విలేకరి సాయంత్రం ఏడింటికి వాట్సాప్‌లో వార్త పంపుతాడు, పొద్దున్నే అది పేపర్లో ఉంటుంది. ఆరబెట్టడం, వారం ఆగడం ఏమీ లేవు కదా?

అక్కడ కాలం బదులు మూడు వేరే వస్తువులు పనిచేస్తాయి. మొదటిది మనుషులు. రాసినవాడు దిద్దడు. డెస్కులో సబ్ ఎడిటర్ దిద్దుతాడు, పేజీ చూసేవాళ్లు ఇంకోసారి చూస్తారు. వాళ్లకు ఆ వార్త కొత్తది, జ్ఞాపకం అడ్డురాదు. రెండోది మూస. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది అన్నవి పైన, వివరాలు కింద. నిర్మాణం ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి మొదటి రకం ఎడిటింగ్ దాదాపు ఉండదు, చోటు చాలకపోతే కింది నుంచి కోసేస్తారు. మూడోది, తప్పు పడితే మర్నాడు సవరణ వేసుకునే వీలు. ఇన్ని ఉన్నా దూరపు ఊళ్లకు ముందుగా అచ్చయ్యే ప్రతుల్లో ఉన్న తప్పు, ఊళ్లో ఆలస్యంగా అచ్చయ్యే ప్రతుల్లో దిద్దబడి ఉండటం చూస్తుంటాం. రెండు మూడు గంటల తేడా కూడా తేడానే.

ఒంటరిగా కూర్చుని కథ రాసేవాళ్లకు డెస్కు లేదు, మూస లేదు, మర్నాటి సవరణ అసలే లేదు. ఉన్నది కాలమొక్కటే.

థీసిస్ లెక్క

థీసిస్‌లో ఇది ఇంకా బరువుగా పడుతుంది, ఎందుకంటే ఆగే రోజులు చాలావరకు మన చేతిలో ఉండవు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనా, యోగి వేమన అయినా, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయమైనా యూజీసీ నిబంధనలు ఒక్కటే. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. మహిళలకూ, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవాళ్లకూ ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు ఉంటుంది. ఆరేళ్లు అంటే చాలా కాలమనిపిస్తుంది. ఆరో ఏడు వచ్చేదాకా.

పని గంటలు వేద్దాం. ఇంగ్లీషు ఎడిటర్ల వాడుకలో 250 మాటలు ఒక పేజీ. మామూలు కాపీ ఎడిటింగ్ గంటకు 5 నుంచి 10 పేజీలు, వాక్యాలు తిరగరాసే బరువైన ఎడిటింగ్ అయితే 2 నుంచి 5 పేజీలు నడుస్తుందని వాళ్ల అంచనా. 250 పేజీల థీసిస్‌ను గంటకు 5 పేజీల చొప్పున చూస్తే 50 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు రెండు గంటలు దొరికితే 25 రోజులు, అదీ ఒక్క విడతకు. నిర్మాణం చూసే విడత, వాక్యాల విడత, ప్రూఫ్ విడత కలిపితే రెండున్నర నెలలకు తగ్గదు.

ఇక ఆగే రోజులు. గైడ్ సార్ చేతిలో ఇంకా నలుగురి థీసిస్‌లు ఉంటాయి, అధ్యాయానికి రెండు వారాలు పట్టిందంటే ఆయన తొందరగా చూసినట్టే. థీసిస్ ఇచ్చే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో వచ్చిన సూచనలు చేర్చాలి. తర్వాత సారూప్యత తనిఖీ, అంటే వేరేవాళ్ల రాతలతో ఎంత పోలిక ఉందో చూడటం. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికలకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు మళ్లీ ఇచ్చే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఉటంకింపులకు కొటేషన్ గుర్తులు పెట్టడం మర్చిపోవడం, ఆధారం రాయకపోవడం లాంటివి నిజాలు సరిచూసేటప్పుడు దొరికే తప్పులే. అప్పుడు దొరికితే ఒక సాయంత్రం పని. తనిఖీలో దొరికితే ఆరు నెలల టెన్షన్.

డీటీపీ సంగతి విడిగా చెప్పాలి. రచయిత ఫోనులోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో టైప్ చేస్తాడు. ప్రెస్సులో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్ల మీద పని నడుస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు అక్షరాలు చెడతాయి. 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి మూడు హల్లుల మాటలనూ, కొటేషన్ గుర్తులనూ, అంకెలనూ ముందు చూసుకోవాలి. అంటే మీరు నాలుగుసార్లు దిద్దిన ఫైలులో మీరు చేయని తప్పులు పుడతాయి. అందువల్ల మార్చిన తర్వాత ఇంకో ప్రూఫ్ తప్పదు, దానికి రోజులు వేరే ఉంచుకోవాలి. పుస్తకమైతే ఫారం లెక్క కూడా ఉంది. 16 పేజీలు ఒక ఫారం. చివరి నిమిషంలో చేర్చిన రెండు పేరాల వల్ల ఒక్క పేజీ ఎక్కువైతే కొత్త ఫారంలో పడుతుంది, లేదా ఏదో ఒకటి కోయాలి. అప్పుడు కోసేది ఆలోచించి కోసేది కాదు, చోటు కోసం కోసేది.

వెనక నుంచి లెక్కపెట్టడం

గడువు తేదీ నుంచి వెనక్కి నడుస్తూ రోజులు పంచుకోవడం ఒక్కటే ఇందులో నిజంగా పనిచేసే పద్ధతి. 31న గడువు, 2,000 మాటల కథ అనుకుందాం. పంపేది 30న, ఎందుకంటే కరెంటు, నెట్టు, మెయిల్ మూడూ మన మాట వినే రోజు 31 అని ఎవరూ హామీ ఇవ్వరు. 29న ప్రూఫ్. ఆ రోజు కొత్తగా ఒక్క వాక్యం కూడా రాయకూడదు. 26 నుంచి 28 దాకా మిత్రుడు చెప్పినవి చూసి వాక్యాలు సరిచేయడం. 20 నుంచి 25 దాకా కథ మిత్రుడి దగ్గర. 18, 19 నిర్మాణం చూసే రోజులు. 14 నుంచి 17 దాకా ముట్టుకోకుండా పక్కన పెట్టడం. అంటే డ్రాఫ్టు 13వ తేదీకి అయిపోవాలి. 31 అనుకున్న గడువు అసలు 13. మొదటిసారి ఈ లెక్క వేసినవాళ్లకు కొంచెం కోపం వస్తుంది.

ఇందులో 29న కొత్త వాక్యం వద్దు అన్నదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అచ్చులో కనబడే తప్పుల్లో మంచి వాటా మొదటి డ్రాఫ్టువి కావు, దిద్దుబాటులో పుట్టినవి. 'అతను' అన్నదాన్ని 'వాళ్లు' అని మార్చి, చివర క్రియను 'వెళ్లాడు' అని అలాగే వదిలేయడం. ఒక పేరాను పైకి జరిపి, 'పైన చెప్పినట్టు' అన్న మాటను తీయకపోవడం. పాత్ర పేరు మార్చి, ఒక్కచోట పాత పేరు మిగిల్చడం. దిద్దిన తర్వాత ఏమీ మార్చకుండా చదివే విడత ఒకటి ఉంటే తప్ప ఇవి దొరకవు.

మొత్తం కాలంలో ఎడిటింగ్ వాటా ఎంత ఉండాలని అడిగితే, నా మటుకు చిన్న రచనకు సగం, పెద్దదానికి మూడో వంతు అంటాను. శాస్త్రం కాదు, అటూ ఇటూ కావచ్చు. అయితే ఎక్కువ ఉంచుకుంటే ఎక్కువ మంచిదన్నది కూడా నిజం కాదు. ఉన్న కాలమంతా నిండేదాకా పని పెరుగుతుందని 1955లో పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత వెటకారంగా అన్న మాట ఎడిటింగ్‌కు బాగా వర్తిస్తుంది. పదో విడతలో 'కానీ' తీసి 'అయితే' పెట్టి, పదకొండో విడతలో మళ్లీ 'కానీ' పెట్టేవాళ్లున్నారు. మార్పులు అటూ ఇటూ తిరగడం మొదలైతే ఆపేయాలి. కొన్ని కథలు అతిగా దిద్ది రాయలసీమ యాసనంతా కడిగేసుకుని పోటీలకు వెళ్లడం కూడా చూస్తున్నాం. మొదటి డ్రాఫ్టులో పాత్ర మాట్లాడిన మాట మూడో విడతకు పాఠ్యపుస్తకం మాట అవుతుంది. దిద్దేవాళ్లు కోస్తావాళ్లయితే ఇంకా తొందరగా అవుతుంది, మన ఊరివాళ్లు కూడా తక్కువ తినరు.

ఆలస్యం అయిపోయాక ఏం తగ్గించుకోవాలన్నది చివరి ప్రశ్న. ఎక్కువమంది ఎడిటింగ్‌ను తగ్గిస్తారు. నేను విషయాన్ని తగ్గించమంటాను. ఐదు అంశాల వ్యాసంలో నాలుగే ఉండి అవి శుభ్రంగా ఉంటే ఐదోది లేదని ఎవరూ గుర్తించరు. ఐదూ ఉండి రెండు తప్పులుంటే ఆ రెండే గుర్తుంటాయి. గడువు పొడిగించమని అడగాల్సి వస్తే వారం ముందు అడగడం వేరు, చివరి రోజు సాయంత్రం అడగడం వేరు. సంపాదకులు మొదటిదానికి చాలాసార్లు ఒప్పుకుంటారు.

నిజంగానే ఒక్క గంటే మిగిలితే, మొత్తం పైపైన చదవడానికి దాన్ని ఖర్చు పెట్టవద్దు. శీర్షిక, మొదటి పేరా, చివరి పేరా గట్టిగా చదవండి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, సంవత్సరాలు, అంకెలు మాత్రం వెతికి ఒక్కోటి సరిచూడండి. పోటీ నిబంధనల్లో మాటల పరిమితి ఎంతో, ఫైలు యూనికోడ్‌లో అడిగారో పీడీఎఫ్‌లో అడిగారో, రాతప్రతి మీద మీ పేరు ఉండకూడదన్నారో మళ్లీ చూడండి. తర్వాత ఫైలును ముందు మీకే మెయిల్ చేసుకుని, అది టైప్ చేసిన కంప్యూటర్‌లో కాకుండా వేరే ఫోనులో తెరవండి. పంపాల్సిన ఫైలు బదులు 'ఫైనల్ 2' అనే పాతది జతపడిందేమో అక్కడే తెలుస్తుంది.